చెవి దిగే దాకా

మా ఇంట్లో మగ్గం దిగి వచ్చిన మనిషిని వెంటనే ఎవరూ పలకరించేవాళ్ళు కాదు. పలకరించినా లాభం లేదు, వినబడదు. కబ్బన్‌పేట సందులో మా నాన్నకు అరడజను మరమగ్గాలుండేవి. ముందు రెండు గదుల్లో మేము, వెనక షెడ్డులో మగ్గాలు, మధ్యన ఒకే ఒక్క ఇటుక గోడ. కరెంటు ఉన్నంతసేపూ ఆ గోడ అదురుతూనే ఉండేది. దానికి ఆనించిన గిన్నెల స్టాండు కూడా సన్నగా గలగలమంటూ ఉండేది. షెడ్డులోంచి బయటికొచ్చినవాళ్ళకు మగ్గం ఆగినా చెవుల్లో మోత ఆగదు. దాన్ని మావాళ్ళు 'చెవి నిండింది' అనేవాళ్ళు.

నిండిన చెవి తనంతట తానే దిగాలి. అందులో నూనె పొయ్యకూడదు, పుల్ల పెట్టకూడదు, మనిషిని కదిలించకూడదు. నాన్న వచ్చి వీధరుగు మీద కూర్చునేవాడు. అమ్మ కాఫీ లోటా పక్కన పెట్టి చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోయేది. కాసేపటికి నాన్నే తల తిప్పి, "ఏమ్మే, ఈ పొద్దు కూరేం చేస్తివి?" అనేవాడు. అంటే చెవి దిగిందని అర్థం. అంతవరకు ఆగిన మేమందరం ఒక్కసారిగా మీద పడేవాళ్ళం. బడి ఫీజు, పలక, చెల్లెలి తల గోకుడు, పక్కింటి వాళ్ళ కోడి, అన్నీ అప్పుడే.

షెడ్డు లోపల మాటలు పెదాలతోనే. గొంతు చించుకున్నా ఆ మోతలో ఎవరికీ వినబడదు కాబట్టి చించుకోవడం మానేశారు. పెదాలు కొంచెం ఎక్కువగా కదిపి, కళ్ళు, కనుబొమలు కలిపి, అవసరమైతే రెండు వేళ్ళు కూడా వాడి ఎంత మాటైనా చెప్పుకునేవాళ్ళు. పిల్లలం మాకు అక్షరాలకంటే ముందు అదే వచ్చింది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి షెడ్డు చివర నేస్తున్న అన్నను చప్పుడు లేకుండా తిట్టేది. ఒకటీ రెండూ కాదు, మొదటినుంచీ చివరిదాకా పూర్తి తిట్లు. అమ్మా, మాతోనే ఉండే మా పిన్నీ ఒకసారి మధ్యాహ్నమంతా అట్లా పోట్లాడుకున్నారు. మా ఇల్లంత నెమ్మదైన ఇల్లు పేటలో లేదని ఎదురింటావిడ ఆ సాయంత్రమే మెచ్చుకుంది. రహస్యం మాట్లాడాలంటే మాత్రం మా ఇంట్లో గోడవైపు తిరగాలి. లేకపోతే షెడ్డు ఆ కొస నుంచి కూడా చదివేసేవాళ్ళు.

అన్న నాకంటే చాలా పెద్ద. హైస్కూలు సగంలో ఆపి మగ్గం ముందు నిలబడ్డాడు. నేను బడినుంచి వచ్చి షెడ్డు గోడ పక్కన కూర్చుని కండెలు చుట్టేదాన్ని. పేకకు, అంటే అడ్డపోగుకు, వాడే దారం చుట్టిన చిన్న గొట్టాలు అవి, పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెడతారు. నేను కూర్చునే చోటు ఎప్పుడూ ఒకటే. నా కుడి పక్క మగ్గాలు, ఎడం పక్క గోడ. చదువు పూర్తయి ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం వచ్చేదాకా అదే చోటు. మగ్గాలు నా కుడి చెవిని మెల్లమెల్లగా తినేశాయని నలభయ్యేళ్ళ వయసులో తెలిసింది. ఫోను ఎడం చెవికే ఎందుకు పెట్టుకుంటున్నానో అప్పుడే అర్థమైంది. ఎడం చెవి బాగుంది కదా అని ఊరుకున్నాను.

తర్వాత మగ్గాలు పోయాయి. పెద్ద మిల్లుల చీరలు ఎక్కడెక్కడినుంచో లారీల్లో వచ్చిపడుతుంటే మా చీర ఎవరికి కావాలి? షెడ్డులో ఇప్పుడు అట్టపెట్టెల గోడౌను ఉంది. అన్నా, వదినా పైన గదుల్లో ఉంటారు. నేను మా ఆయన పోయాక మా అమ్మాయితో మారతహళ్ళిలో ఉంటున్నాను. దాని ఆఫీసు కుందలహళ్ళిలో. రింగు రోడ్డు మోత దానికి తలనొప్పి. నాకు ఆ మోత లేకపోతే నిద్ర పట్టదు. చిన్నప్పుడు గోడ అదురుతుంటేనే కదా నిద్రపోయాం. పెళ్ళయిన కొత్తలో మదనపల్లె దగ్గర అత్తవారింట్లో ఆ నిశ్శబ్దానికి జడిసి ఏడ్చాను కూడా. అమ్మ గుర్తొచ్చి ఏడుస్తున్నాననుకుని మా అత్తగారు ఓదార్చారు.

కిందటేడు సర్జాపురలో బంధువుల పెళ్ళి రిసెప్షను. నన్ను తీసుకెళ్ళి పాటల స్పీకరు డబ్బాల ముందు కూర్చోబెట్టారు, అక్కడే ఫ్యాను ఉందని. మర్నాడు పొద్దున లేచేసరికి ఎడం చెవి నిండి ఉంది. స్నానాల గదిలో నీళ్ళు పడుతున్నాయి, ఆ చప్పుడు ఎక్కడో పక్కింట్లో పడుతున్నట్టుంది. కుక్కరు విజిలు వేసిందో లేదో ఆవిరి చూసి తెలుసుకున్నాను. లోపల సన్నగా గుయ్‌మని ఒక రొద. ఫోను ఎడం చెవికి పెట్టుకుంటే ఏమీ లేదు.

నాకు భయం వెయ్యలేదు. ఇక్కడే జరిగింది పొరపాటంతా. ఇంకో ఇంట్లో పుట్టినదాన్నైతే గుండె గుభేలుమని ఆటో ఎక్కేదాన్ని. చెవి నిండడం మాకు ఆకలి వేసినంత మామూలు విషయం. నేను అన్నకు వీడియో కాల్ చేశాను. అన్నకు ఎప్పుడూ వీడియోనే చెయ్యాలి. ఉత్త ఫోను చేస్తే నాలుగు మాటలు మాట్లాడి, "మొగం చూపియ్యమ్మా, ఊరికే గొంతు ఏం వింటాం" అని పెట్టేస్తాడు. ప్రేమ అనుకునేదాన్ని.

"ఎడం చెవి నిండిపోయిండాది అన్నా."

"రాత్రి ఆ డబ్బాల ముందర కూకుంటివి కదా పాపా. నిండకుండా ఏం చేస్తాది?" నాకు అరవై దగ్గరపడుతున్నా అన్నకు నేను పాపనే. "నూనె గీనె పోయొద్దు. ఊరికే ఉండు. దిగిపోతాది."

"ఎంతసేపటికి?"

"దానికి బుద్ధి పుట్టినప్పుడు. నాయనకు ఒగసారి రెండు దినాలు పట్టె, మతికి లేదా?"

గుర్తుంది. దీపావళి ముందు రేయింబవళ్ళు నేసినప్పుడు. రెండు రోజులూ అమ్మ నాన్నతో పెదాలతోనే మాట్లాడింది. మూడో రోజు నాన్న అరుగు మీదనుంచి కూర సంగతి అడిగాడు. నాకూ అట్లాగే అవుతుందనుకుని ఊరికే ఉన్నాను. ఆ రోజే మా అమ్మాయి ఆఫీసు పనిమీద పూణె వెళ్ళింది. ఇంట్లో నేనొక్కదాన్నే. టీవీ కింద అక్షరాలు చదువుకుంటూ, కూరగాయల బండివాడి పెదాలు చూసి బేరమాడుకుంటూ, హాయిగా ఉన్నానని కూడా చెప్పాలి. చిన్నప్పటి షెడ్డులోకి తిరిగి వెళ్ళినట్టు ఉండింది. రోజూ పొద్దున అన్న వీడియోలో కనబడి కనుబొమలు ఎగరేసేవాడు. ఇంకా లేదని నేను తల ఊపేదాన్ని. వారం దగ్గర పడుతుండగా మా అమ్మాయి తిరిగొచ్చింది.

వెనకనుంచి ఎన్నిసార్లు పిలిచిందో నాకు తెలియదు. భుజం పట్టి తిప్పేసరికి దాని ముఖం ఎర్రగా ఉంది.

"అమ్మా, ఎన్ని రోజులైంది ఇలా?"

చెప్పాను.

"వారమా! డాక్టర్ దగ్గరికి ఎందుకు వెళ్ళలేదు?"

"మామ దిగిపోతుందన్నాడే."

"మామ ఏమైనా ఈఎన్‌టీ స్పెషలిస్టా? ఇది ఎమర్జెన్సీ అమ్మా. నెట్‌లో ఎక్కడ చూసినా ఫస్ట్ అదే ఉంటుంది."

నాకు కోపం వచ్చింది. నాకు కోపం తొందరగానే వస్తుంది. గుండెపోటు ఎమర్జెన్సీ, నిప్పంటుకుంటే ఎమర్జెన్సీ, చెవి ఎమర్జెన్సీ ఏమిటి అని అరిచాను. నా అరుపు నాకే సరిగా వినబడలేదు. నేనే వెళ్ళి చెప్పులు వేసుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు చిన్న ఇనుప పంగలకర్రలాంటి దాన్ని మోగించి నా నుదుటి మీద పెట్టి, ఏ వైపు వినబడుతోందని అడిగారు. కుడి వైపు అన్నాను. మూడొంతులు పాడైన కుడి చెవే వింటోంది, బాగున్న ఎడంది కాదు. తర్వాత గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. కిటికీ అవతల ఉన్న అమ్మాయి ముఖం నేను చూస్తూనే ఉన్నాను. శబ్దం పంపినప్పుడల్లా ఆమె రెప్పలు కొంచెం కదులుతున్నాయి. అది చూసి నొక్కేస్తున్నాను. రెండు నిమిషాలకే ఆమె కనిపెట్టి నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. ఆ తర్వాత నా వేలు చాలాసేపు కదలలేదు.

డాక్టరు కన్నడంలో నిదానంగా, నా ఎదురుగా కూర్చుని చెప్పారు. లోపలి చెవి దెబ్బతింది. పాటల డబ్బాలవల్లే అని చెప్పలేం, వైరస్ కావచ్చు, రక్తం సరిగా అందకపోవడం కావచ్చు, చాలామందిలో కారణం దొరకనే దొరకదు. వేరే జబ్బేమీ లేదని తేల్చుకోవడానికి స్కాన్ తియ్యాలి. ఇచ్చే మందు ఒకటే, స్టెరాయిడ్. దాన్ని ఇచ్చే దారులు రెండు. మాత్రలుగా మింగితే ఒళ్ళంతా తిరిగి చెవికి చేరుతుంది. ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపాలి. సుఖమైన దారే గాని మీకు షుగరుంది, అది పెరుగుతుంది. నిద్ర పట్టదు, కడుపులో మంట, చిరాకు.

"చిరాకు ఇంకా పెరుగుతుందా?" అంది మా అమ్మాయి, నిజంగానే దిగులుపడి.

రెండో దారి, కర్ణభేరికి మత్తు పెట్టి సన్నని సూదితో మందు నేరుగా చెవి లోపల నింపడం. కొన్ని రోజులకొకసారి, మూడు నాలుగు సార్లు. ఒంట్లోకి పోయేది తక్కువ కాబట్టి షుగరుకు పెద్దగా ఇబ్బంది ఉండదు. నొప్పి ఉంటుంది, కాసేపు కళ్ళు తిరుగుతాయి, అరుదుగా భేరిలో చిన్న రంధ్రం మిగిలిపోవచ్చు.

"ఏది ఎక్కువ పనిచేస్తుంది డాక్టర్?" అన్నాను.

మొదటి వైద్యంగా ఇస్తే రెండూ ఇంచుమించు ఒకటేనని, ఒకటి గొప్పదని ఖాయంగా చెప్పలేమని అన్నారు. రెండూ కలిపి ఇచ్చే డాక్టర్లూ ఉన్నారట. మాత్రలు పనిచెయ్యకపోతే అప్పుడు సూదికి వెళ్ళడమూ మామూలేనట. "కొందరికి పూర్తిగా వస్తుంది, కొందరికి సగం, కొందరికి ఏమీ రాదు. ఏ దారైనా ఆలస్యం చెయ్యకండి. మిగతాది మీ ఇష్టం" అన్నారు. ఆయన నిజం చెప్పారు. నాకు మాత్రం ఆ నిజం మీద ఒళ్ళు మండింది. ఇంత చదివి, ఇంత పెద్ద ఆసుపత్రిలో కూర్చుని, చివరికి ఇష్టం నాదా?

ఆ సాయంత్రం మా ఇంట్లో పంచాయితీ జరిగింది. అన్న కార్పొరేషన్ దగ్గర బస్సెక్కి, చేతిలో బెణ్ణె బిస్కెట్ల పొట్లంతో, అదే వెన్న బిస్కెట్లు, వచ్చాడు. వచ్చినవాడు సోఫాలో కూర్చోకుండా నా ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మా అమ్మాయి వాడిపోయిన ముఖంతో అంతా చెప్పింది. వారం రోజులు పోయిన సంగతి రెండుసార్లు చెప్పింది. అన్న తల వంచుకున్నాడు.

"స్టెరాయిడంటే జిమ్ములో పిల్లోళ్ళు తింటారే, అదా?" అన్నాడు.

"అది వేరు మామా."

"అట్లయితే మాత్రలే మేలు. చెవిలో సూదేందమ్మా, నాకు వినేదానికే ఒళ్ళు జలదరిస్తాది."

"రెండూ చేసేద్దాం అమ్మా. బోత్. షుగర్ నేను మానిటర్ చేస్తా" అంది మా అమ్మాయి, హోటల్లో కాంబో ఆర్డరు ఇచ్చినట్టు.

నేను సూదే అన్నాను. ఎందుకంటే అమ్మ. చివరి రోజుల్లో అమ్మకు షుగరు కళ్ళను తినేసింది. ఇంట్లో అందరూ పెదాలతో మాట్లాడే మనుషులు, అమ్మకు పెదాలు కనబడవు. మగ్గాలు తిరుగుతున్నంతసేపూ ఆమె ఒక్కతే మంచం మీద కూర్చుని, ఎవరైనా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంటారేమోనని చేతులు ఒళ్ళో తెరిచి పెట్టుకునేది. కొద్ది వారాల మాత్రలకు కళ్ళు పోవని, షుగరు చూసుకుంటూ ఇవ్వవచ్చని డాక్టరు నాకు చెప్పారు. నేను నమ్మాను కూడా. అయినా భయం భయమే. రెండు చెవులూ పోయినా నేను బతకగలను, నాకు పెదాలు చదవడం వచ్చు. కళ్ళకు ఏమైనా అయితే ఏ దారీ లేదు. ఇదంతా వాళ్ళకు చెబితే మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. అన్న మాత్రం, "అమ్మ మాట ఎత్తినాక ఇంకేముండాది. సూదే కానీ" అన్నాడు.

మొదటి సూదికి అన్న కూడా వచ్చాడు. నన్ను కుడివైపుకు తిప్పి పడుకోబెట్టారు. మత్తు పెట్టినా, మందు లోపల పడగానే చల్లగా, బరువుగా, గది మొత్తం ఒక చుట్టు తిరిగినట్టయింది. తర్వాత అరగంట అట్లాగే పడుకోవాలట. మాట్లాడకూడదు, వీలైనంతవరకు మింగకూడదు, మింగితే మందు గొంతులోకి జారిపోతుందట. అన్న స్టూలు లాక్కుని సరిగ్గా నా ముఖానికి ఎదురుగా కూర్చున్నాడు. చుట్టూ చూసి, నర్సు దూరంగా ఉందని నిశ్చయించుకుని, పెదాలతో మొదలుపెట్టాడు.

"మా తాత, పిన్ని, కరెంటు. మతికుందా?"

మరిచిపోతే కదా. మా పిన్నికి మామగారంటే, అంటే మా తాతంటే, పడదు. మగ్గాల మోత చాటున, ఎవరికీ వినబడదు కదాని, ఆమె వంటింట్లో గొంతెత్తి ఆయన్ను తిట్టుకుంటూ వంట చేసేది. అది ఆమె రోజువారీ పూజ. ఒకనాడు "ఈ ముసిలాయన ఎప్పుడు పోతాడో దేవుడా" అని ఆమె అంటుండగానే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ మాట ఇంటి నిండా మోగింది. తాత గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "కరెంటు పోయెనమ్మా, నేను ఇంకా పోలా" అని నిమ్మళంగా అరుగు మీదికి వెళ్ళాడు.

అన్న పెదాల మీద తాత ముఖమే దిగింది. నేను నవ్వకూడదు, మింగకూడదు. కళ్ళలోంచి నీళ్ళు కారి దిండు తడిసింది. నర్సు పరుగెత్తుకొచ్చి నొప్పిగా ఉందా అని అడిగింది. అన్న చేతులు జోడించి, ఏదో మంత్రం చదువుతున్నవాడిలా కళ్ళు మూసుకున్నాడు. ఆ అరగంటలో అన్న నాకు మా ఇల్లంతా తిప్పి చూపించాడు. రంగు నీళ్ళు పారే కాలువ, ఆదివారం మగ్గాలకు నూనె వేసేటప్పుడు వచ్చే వాసన, నాన్న కొత్త పడుగు ఎక్కించేనాడు చెక్కమీద పెట్టే పసుపు బొట్టు, నేను కండెలు చుట్టకుండా దొంగతనంగా చదువుకుంటుంటే అమ్మ రాకుండా అన్న కాపలా కాయడం. ఒక్క అక్షరమైనా బయటికి వినిపించలేదు. నా జీవితంలో అంత మంచి అరగంట మళ్ళీ దొరకలేదు, దాన్ని చెవిలో సూదితో కొనుక్కున్నా సరే.

ఆ రోజే ఇంకొకటి తెలిసింది. గాజు కిటికీ గదిలోని అమ్మాయి బయటికి వచ్చి, వెనకనుంచి అన్నను "కొంచెం జరగండి సార్" అంది. అన్న కదల్లేదు. మళ్ళీ అంది. నేను చూస్తున్నాను. ఆమె ముందుకొచ్చి నిలబడితేనే ఆయన గబుక్కున జరిగాడు. ఆమె అనుభవం కొద్దీ, "మీరూ ఒకసారి కూర్చోండి సార్, ఊరికే" అని పిలిచింది. అన్న నవ్వుతూ వెళ్ళాడు, ఏదో పందెం కాసినట్టు. నాలాగే ఆమె రెప్పలు చూసి రెండుసార్లు మీట నొక్కాడట. గోడవైపు తిప్పాక ఆయన వేలు అసలు కదలలేదట.

రెండు చెవులూ దాదాపు పోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా. లోకం ఇట్లాగే ఉంటుందని అనుకున్నాడు. వీడియో కాల్ ఎందుకో అప్పుడు అర్థమైంది. కరోనా రోజుల్లో అందరూ ముఖాలకు గుడ్డలు కట్టుకున్నప్పుడు అన్న ఇంట్లోంచి బయటికి రావడమే మానేశాడు. జబ్బుకు జడిశాడని మేం ఎగతాళి చేశాం. మా అందరి చదువులూ, పెళ్ళిళ్ళూ ఆ మగ్గాల మీద నేశాడు, వాటికి ఆయన ఇచ్చింది ఇది. నాకు ఆసుపత్రి వరండాలో ఏడుపాగలేదు.

"నాకూ ఒక సూది పొడవమని చెప్పు పాపా, ఎట్లాగూ వచ్చినాం" అన్నాడు అన్న.

ఇట్లా ఏళ్ళ తరబడి మోతలో అరిగిపోయిన చెవికి స్టెరాయిడ్ పనిచెయ్యదని, మాత్ర లేదు, సూది లేదు, వినికిడి మిషను పెట్టుకోవడమే దారని డాక్టరు చెప్పారు. నేను పెదాలతో అన్నకు చేరవేశాను. "మిషనుకేం, తీసుకుందాంలే. ముందు నీ చెవి దిగనీ" అన్నాడు.

రెండో సూది తర్వాత కుక్కరు విజిలు సన్నగా వినబడింది. మూడో సూదికి మాటలు వచ్చాయి, కానీ రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు. చివరిసారి గాజు గదిలో గోడవైపు తిరిగి కూర్చుని నేను మీట చాలాసార్లు నొక్కాను. బయటికొచ్చేసరికి అన్న, మా అమ్మాయి డాక్టరు గది ముందు నిలబడి ఉన్నారు. ముగ్గురం లోపలికి వెళ్ళాం. డాక్టరు అప్పుడే ఎవరికో ఏదో చేసి వచ్చినట్టున్నారు, ముఖానికి మాస్కు ఉంది.

సగం పైన వచ్చింది అన్నారు. మాటలు అర్థం చేసుకోవడానికి సరిపోతుంది. సన్నని శబ్దాలు రాలేదు, ఇక రాకపోవచ్చు. గుంపులో కష్టమవుతుంది. ఆ గుయ్‌మనే రొద ఉండిపోవచ్చు. నేను వింటున్నాను, ఎడం చెవితోనే వింటున్నాను, అదే పదివేలు. మా అమ్మాయి నా చెయ్యి నొక్కింది.

అన్న ముందుకు వంగాడు. కన్నడంలోనే, కొంచెం గట్టిగా, చెవిటివాళ్ళు మాట్లాడేంత గట్టిగా అడిగాడు.

"సార్, ఈ పాప మొదటి దినమే మీ తావకు వచ్చుంటే మొత్తం వచ్చుండేదా? నేనే ఊరికే ఉండమంటిని."

డాక్టరు నా వైపు చూశారు, తర్వాత అన్న వైపు చూశారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. ఖాయంగా చెప్పలేం గానీ, వచ్చుండేదేమో, మొదటి రోజుల్లో మొదలుపెట్టిన వాళ్ళకు సామాన్యంగా ఎక్కువ వస్తుంది, ఆ వారం తేడా చేసి ఉండవచ్చు అన్నారు. మాస్కు గుడ్డ కదిలింది, అంతే. అన్న ఆ గుడ్డనే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏమనె?"

మా అమ్మాయి నోరు తెరిచింది. నా ముఖం చూసి మూసుకుంది.

నేను పెదాలు నిదానంగా కదిపి, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాను. "ఏమీ తేడా ఉండేది కాదంట అన్నా. మొదటి దినం వచ్చినా ఇంతే వచ్చేదంట."

అన్న నా పెదాలనే చూశాడు. నాన్న నేర్పిన చూపు అది, పోగు తెగిందేమోనని వెదికే చూపు. "ఒట్టా?" అన్నాడు.

మా ఇంట్లో ఒట్టంటే ఎదుటి మనిషి తల మీద చెయ్యి పెట్టాలి. అబద్ధమైతే ఆ తలకు తగులుతుంది. అన్న తల, మొత్తం నెరిసిపోయిన తల, నా చేతికి అందేంత దగ్గరలో వంచి ఉంది.

"ఒట్టు" అన్నాను. చెయ్యి నా తల మీద పెట్టుకున్నాను.

అన్న ఆ చెయ్యి చూశాడు. లేచి నిలబడి, నా చెయ్యిని నా తల మీదినుంచి తీసి, తన రెండు చేతుల్లో పట్టుకుని, డాక్టరు గది బయటికి వచ్చేదాకా వదల్లేదు.